పికప్ వెనుక బరువైన పడవ: లెక్క ఎక్కడ తప్పుతుంది

పికప్ కొనేటప్పుడు అందరి చూపూ ఒకే అంకె మీద పడుతుంది: ఈ బండి ఎన్ని కిలోలు లాగుతుంది? నాలుగు వేలనో ఐదు వేలనో ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉంటుంది. మన పడవ రెండు వేల కిలోలే కదా, ఇంకా సగానికి పైగా బలం మిగిలే ఉంది అనుకుంటాం. చిక్కు మొదలయ్యేది ఈ ధీమా దగ్గరే. ఇవాళ్టి ఇంజన్లకు లాగే సత్తువ కొదవ లేదు. బరువైన పడవను ఆపడం, తిన్నగా నడిపించడం, నీళ్లలో ముంచి మళ్లీ బయటకు తీయడం మాత్రం వేరే సంగతి. అవి హిచ్ (పికప్ వెనుక ట్రైలర్ తగిలించే బిగింపు) మీద ఎంత బరువు మోపామన్నదాని మీద, ట్రైలర్ బ్రేకుల మీద, చక్రాల బేరింగుల మీద ఆధారపడతాయి. ఇంజను ఎంత పెద్దదైనా వీటిలో ఒక్క లోపాన్ని కూడా కప్పిపుచ్చలేదు.

కాగితం మీది బరువు, కాటా మీది బరువు

పడవ అమ్మేవాళ్లు చెప్పే బరువు సాధారణంగా ఖాళీ పడవది. చాలాసార్లు అందులో ఇంజను కూడా కలిసి ఉండదు. సుమారు ఏడు మీటర్ల ఫైబర్‌గ్లాస్ పడవను తీసుకుందాం. ఖాళీ బరువు 1,900 కిలోలు. వెనుక తగిలించే పెద్ద అవుట్‌బోర్డ్ ఇంజను 260. పెట్రోలు లీటరు 0.74 కిలోల లెక్కన 400 లీటర్లకు 296. మూడు బ్యాటరీలు 75. మంచినీళ్లు 50 లీటర్లు, అంటే 50 కిలోలు. లంగరు, గొలుసు, తాళ్లు, లైఫ్ జాకెట్లు, ఐసు పెట్టెలు, పనిముట్లు కలిపి 180. ఇక ట్రైలర్ బరువు 700. అన్నీ కూడితే 3,461 కిలోలు. 1,900 అని మనసులో పెట్టుకున్న మనిషి రోడ్డు మీదికి తెచ్చేది దాదాపు మూడున్నర టన్నులు.

కాబట్టి మొదటి పని కాటా. లారీలు తూచే వే బ్రిడ్జి మీదికి మూడు సార్లు వెళ్లాలి. ముందు పికప్ ఒక్కదాన్నే, ప్రయాణంలో ఉండబోయే మనుషులతో, సామానుతో తూచాలి. తర్వాత ట్రైలర్ తగిలించి, పికప్ చక్రాలు మాత్రమే కాటా మీద ఉండేలా ఆపి తూచాలి. మూడోసారి మొత్తాన్నీ కలిపి తూచాలి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే ట్రైలర్ ముక్కు పికప్ మీద మోపుతున్న బరువు వస్తుంది. దీన్నే టంగ్ వెయిట్ అంటారు. మూడో అంకెలోంచి మొదటిది తీసేస్తే ట్రైలర్ పూర్తి బరువు. ఈ రెండూ తెలియకుండా మిగతా లెక్కలేవీ ముందుకు సాగవు.

ముందుగా అయిపోయేది మోసే శక్తి

లాగే సామర్థ్యం, మోసే సామర్థ్యం వేరువేరు. మోసే సామర్థ్యాన్ని పేలోడ్ అంటారు. అది డ్రైవరు డోరు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని కిలోల్లో రాసి ఉంటుంది. ఆ అంకె ఆ ఒక్క బండికి సంబంధించినది. అదే మోడల్‌లో సన్‌రూఫ్, తోలు సీట్లు ఉన్న ఖరీదైన బండికి పేలోడ్ తగ్గుతుంది. కొన్నాక మీరు బిగించిన టాప్ కవరు, పనిముట్ల పెట్టె వంటివాటి బరువు కూడా అందులోంచే పోతుంది.

పైన చెప్పిన ట్రైలర్‌కు టంగ్ వెయిట్ పది శాతం అనుకుంటే 346 కిలోలు. హిచ్‌లో దూర్చే బాల్ మౌంట్ (ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనప గుండు, అంటే బాల్, ఉన్న కడ్డీ) 25. మనిషికి 75 చొప్పున నలుగురు 300. వెనుక తొట్టిలో సామాను 100. మొత్తం 771. స్టిక్కర్ మీద 720 అని ఉంటే 51 కిలోలు ఎక్కువైనట్టే. అదే బండి లాగే సామర్థ్యం 5,000 కిలోలు అనుకున్నా, అందులో 70 శాతం కూడా వాడకుండానే మోసే హద్దు దాటిపోయింది. అమెరికన్ పికప్‌లకు లాగే అంకెను లెక్కగట్టే ఎస్‌ఏఈ జె2807 ప్రమాణంలో బండిలో ఇద్దరే ఉంటారని, ఒక్కొక్కరు సుమారు 68 కిలోలని ఊహిస్తారు. నలుగురు ఎక్కి, తొట్టి నింపిన బండికి ఆ అంకె వర్తించదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. టంగ్ వెయిట్ పడేది వెనుక ఇరుసు మీద కాదు, దానికి మీటరుకు పైగా వెనక ఉన్న బాల్ మీద. అందుకే అది మీటకర్రలా పనిచేసి ముందు చక్రాలను పైకి లేపుతుంది. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు, వెనుక ఇరుసు నుంచి బాల్ దాకా 1.2 మీటర్లు అనుకుంటే, 346 కిలోల టంగ్ వెయిట్ వెనుక ఇరుసు మీద 458 కిలోలు పెంచి, ముందు ఇరుసు మీద 112 కిలోలు తగ్గిస్తుంది. స్టీరింగ్ తేలికైపోతుంది. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి. గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేయాల్సిన ముందు చక్రాలకే పట్టు తగ్గుతుంది. బరువును మళ్లీ ముందుకు నెట్టే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ ఉన్నది దీనికే. కొన్ని పికప్‌ల హిచ్ రిసీవర్ (బాల్ మౌంట్ దూర్చే గొట్టం) మీద రెండు అంకెలు ఉంటాయి: ఆ హిచ్ వాడితే ఇంత, వాడకపోతే ఇంత అని. పెద్ద అంకె చూసి మామూలు బాల్ మౌంట్‌తో బయల్దేరేవాళ్లు తక్కువేం కాదు.

అయితే పడవ ట్రైలర్లకు ఈ హిచ్ అన్నిసార్లూ కుదరదు. చాలావాటికి ముందు భాగంలో ఒకే దూలం ఉంటుంది, ఆ హిచ్ స్ప్రింగ్ కడ్డీలు బిగించే చోటు ఉండదు. పైగా వాటి ముక్కున బాల్ మీద కూర్చునే కప్లర్‌లోనే బ్రేకు యంత్రాంగం ఉంటుంది. అది ముందుకూ వెనక్కూ జరగకపోతే బ్రేకు పడదు. కప్లర్ తయారీదారు ఒప్పుకున్న రకమే వాడాలి. ఊగకుండా పట్టి ఉంచే ఫ్రిక్షన్ బార్ అయితే ఇలాంటి బ్రేకులున్న ట్రైలర్‌కు బిగించనేకూడదు, ఆ కదలికకే అది అడ్డుపడుతుంది.

టంగ్ వెయిట్, ఊగిసలాట

ఎద్దుబండిలో బస్తాలు వెనక్కి పేరిస్తే కాడి పైకి లేస్తుంది, ముందుకు పేరిస్తే ఎద్దుల మెడలు కుంగుతాయి. ట్రైలర్‌దీ అదే లెక్క, కాకపోతే గంటకు 90 కిలోమీటర్ల వేగంలో. మామూలు ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం టంగ్ మీద ఉండాలంటారు. పడవ ట్రైలర్ తయారీదారులు కొందరు ఇంకా తక్కువ, 5 నుంచి 10 శాతం చెబుతారు. మీ ట్రైలర్ పుస్తకంలో ఏముందో అదే ప్రమాణం. తక్కువ శాతం ఉన్నకొద్దీ వేగమూ తక్కువే ఉండాలి.

పడవతో ఇబ్బంది ఏమిటంటే ఇంజను చిట్టచివర వేలాడుతుంది. బరువు ఇరుసుకు దూరంగా ఉంటే ట్రైలర్ ఒకసారి ఊగడం మొదలుపెట్టాక ఆపడం కష్టం. పెట్రోలు ట్యాంకు ఇరుసుకు వెనక ఉంటే నింపినకొద్దీ టంగ్ తేలికవుతుంది. మన ఉదాహరణలో ట్యాంకు మధ్యభాగం ఇరుసుకు 0.8 మీటర్లు వెనక, ఇరుసు నుంచి బాల్‌కు 5.5 మీటర్లు అనుకుంటే, 296 కిలోల పెట్రోలు టంగ్ మీద 43 కిలోలు తగ్గిస్తుంది. ఖాళీ ట్యాంకుతో కొలిచి, నింపుకుని బయల్దేరితే కొలత వృథా. వాన నీళ్లూ ఇంతే. ప్రయాణంలో పడవ అడుగున నీళ్లు పోయే బిరడా తీసే ఉంచాలి. లేకపోతే వందల లీటర్లు చేరి, ముక్కు ఎత్తుగా ఉన్న పడవలో అన్నీ వెనక్కే పోతాయి.

టంగ్ వెయిట్‌ను ఇంట్లోనే కొలవడానికి ఒక పద్ధతి ఉంది. మనుషులు బరువు చూసుకునే కాటా ఒకవైపు, అదే ఎత్తున్న దిమ్మ ఇంకోవైపు పెట్టి, రెంటి మీదా ఒక్కో ఇనప పైపు అడ్డంగా ఉంచి, పైన గట్టి దూలం వేయాలి. రెండు పైపుల మధ్య దూరం 120 సెంటీమీటర్లు. దిమ్మ వైపు పైపు నుంచి 30 సెంటీమీటర్ల దగ్గర కప్లర్ బరువు దూలం మీద పడేలా దించాలి. కాటా చూపేది అసలు బరువులో నాలుగో వంతు, నాలుగుతో గుణించాలి. దూలం వల్ల ముందే పడే బరువును గుణించకముందే తీసేయాలి. కొలిచేటప్పుడు ట్రైలర్ రోడ్డు మీద ఉండే ఎత్తులోనే సమంగా ఉండాలి, చక్రాల కింద అడ్డుదిమ్మలు ఉండాలి. జాక్ కింద కాటా పెట్టి చూస్తే అంకె ఎక్కువ వస్తుంది, ఎందుకంటే జాక్ ఇరుసుకు దగ్గర.

టంగ్ తేలికగా ఉంటే సరిచేసే దారులు రెండు: వించ్ స్తంభాన్ని ముందుకు జరిపి పడవను ముందుకు తేవడం, లేదా ఇరుసును వెనక్కి జరపడం. పడవను జరపడం సులువుగా కనిపిస్తుంది గానీ దానికి హద్దుంది. పడవ వెనుక పలక, అంటే ఇంజను తగిలించి ఉండే చోటు, కింద పడవను మోసే బంక్ చెక్కల చివర మీద ఆనుకునే ఉండాలి. పడవను ముందుకు తెస్తే ఫర్వాలేదు, వెనక్కి జరిపితే ఆ పలక గాలిలో వేలాడి, కొన్నాళ్లకు పడవ అడుగు వంగిపోతుంది. టంగ్ మరీ బరువుగా ఉంటే అందుకే పడవను కదపకుండా ఇరుసునే ముందుకు జరపాలి.

ఇక ఊగిసలాట. ట్రైలర్‌ను గాలి గానీ పక్కనుంచి పోయే పెద్ద లారీ గానీ ఒక తోపు తోస్తే, ఒక వేగం వరకు ఆ ఊపు రెండు మూడు సార్లలో దానంతట అదే సర్దుకుంటుంది. ఆ వేగం దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. టంగ్ తేలికైనా, టైర్లలో గాలి తగ్గినా, బరువు చివర్లలో ఉన్నా ఆ హద్దు వేగం కిందికి దిగుతుంది. దిగుడులో ట్రైలర్ వెనకనుంచి నెడుతుంది కాబట్టి అక్కడ ఇంకా ప్రమాదం. ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్‌ను తిన్నగా గట్టిగా పట్టుకోవాలి. ఊపుకు ఎదురు తిప్పితే మన తిప్పుడు ఎప్పుడూ ఒక్క క్షణం ఆలస్యంగా పడి ఊపునే పెంచుతుంది. పికప్ బ్రేకు గట్టిగా తొక్కితే ట్రైలర్ పక్కకు నెట్టుకొస్తుంది. వేగం పెంచి లాగేస్తే సర్దుకుంటుందనే మాట నమ్మవద్దు, హద్దు దాటిన చోట ఇంకా లోపలికి పోవడమే అది. ట్రైలర్ బ్రేకులను విడిగా వేసే కంట్రోలర్ ఉంటే దాన్ని మెల్లగా నొక్కడం మేలైన మందు. ట్రైలర్ తోపుతోనే పడే సర్జ్ బ్రేకులకు ఆ వీలు లేదు.

తగిలించే చోట

రిసీవర్, బాల్ మౌంట్, బాల్, కప్లర్, గొలుసులు: ప్రతిదాని మీదా దాని పరిమితి చెక్కి ఉంటుంది. అన్నిటిలో చిన్న అంకె ఏదో అదే మీ హద్దు. వీటిలో అన్నిటికన్నా మోసపుచ్చేది బాల్ కొలత. 2 అంగుళాల బాల్ మీద 2 5/16 అంగుళాల కప్లర్ చక్కగా కూర్చుంటుంది, గొళ్లెం కూడా పడుతుంది. మొదటి గతుకు దగ్గర లేచిపోతుంది. గొళ్లెం వేసి పిన్ను పెట్టాక ట్రైలర్ జాక్‌తో ముక్కును పైకి ఎత్తి, పికప్ వెనుక భాగం నాలుగైదు సెంటీమీటర్లు లేచేదాకా చూడండి. కప్లర్ ఊడకపోతే సరిగ్గా పట్టినట్టు.

గొలుసులు కప్లర్ కింద ఒకదానికొకటి అడ్డంగా పోవాలి. కప్లర్ ఊడినా ముక్కు రోడ్డుకు గుచ్చుకోకుండా వాటి మీద పడుతుంది. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు వేసే బ్రేకవే తీగ గొలుసుకో బాల్ మౌంట్‌కో కట్టకూడదు, పికప్ చట్రానికి విడిగా కట్టాలి. మలుపులో బిగుసుకోకూడదు, నేలమీద ఈడ్చకూడదు. తగిలించాక ట్రైలర్ సమంగా, లేదా ముక్కు రవ్వంత కిందికి ఉండాలి. రెండు ఇరుసుల ట్రైలర్‌కు టార్షన్ ఇరుసులుంటే (కమాన్ పట్టీలకు బదులు లోపల రబ్బరు మెలితిరిగే రకం) ఇది మరీ ముఖ్యం. కమాన్ పట్టీలైతే రెండు ఇరుసుల మధ్య ఈక్వలైజర్ బరువు పంచుతుంది, టార్షన్ వాటికి ఆ పంపకం లేదు. ముక్కు పైకి ఉంటే వెనుక ఇరుసు టైర్లే భారమంతా మోసి ముందుగా పేలతాయి.

బ్రేకులు

ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి. ఆస్ట్రేలియాలో 2,000 కిలోలు దాటితే అన్ని చక్రాలకూ బ్రేకులు, ఊడిపోతే వాటంతటవే పడే ఏర్పాటూ ఉండాలి. అమెరికాలో రాష్ట్రానికో రకం. చట్టం ఎలా ఉన్నా మూడున్నర టన్నులను పికప్ బ్రేకులతోనే ఆపుతామనుకోవడం తెలివైన పని కాదు.

పడవ ట్రైలర్ల మీద ఎక్కువగా కనిపించేవి సర్జ్ బ్రేకులు. పికప్ నెమ్మదించగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది. ఆ తోపుకు కప్లర్ లోపలికి జరిగి మాస్టర్ సిలిండర్‌ను నొక్కుతుంది, నూనె ఒత్తిడి చక్రాల దగ్గర బ్రేకులు వేస్తుంది. కరెంటు అక్కర్లేదు, పికప్‌లో ప్రత్యేక పరికరమేమీ అక్కర్లేదు. విద్యుత్ బ్రేకుల అయస్కాంతాలు ఉప్పునీళ్లలో మునిగితే ఎక్కువ కాలం బతకవు, అందుకే పడవలకు ఈ పద్ధతి స్థిరపడింది. ఇంకా మెరుగైనది కావాలంటే ట్రైలర్ మీద పంపు పెట్టి, పికప్‌లోని కంట్రోలర్ నుంచి వచ్చే సంకేతంతో నూనె ఒత్తిడి తయారుచేసే ఎలక్ట్రిక్ ఓవర్ హైడ్రాలిక్ పద్ధతి ఉంది. బరువు మూడు టన్నులు దాటి, కొండదారులు ఎక్కువగా ఉంటే దాని ఖర్చు వృథా పోదు.

సర్జ్ బ్రేకులు తోపునే నమ్ముకుంటాయి, వాటి లోపాలన్నీ అక్కడినుంచే వస్తాయి. వెనక్కి నడిపేటప్పుడు పికప్ ట్రైలర్‌ను నెడుతుంది. కప్లర్ లోపలికి జరిగి బ్రేకులు పడతాయి. దీన్ని ఆపడానికి డిస్క్ బ్రేకులున్న ట్రైలర్లలో ఒక సోలనాయిడ్ (కరెంటుతో పనిచేసే కవాటం) ఉంటుంది. రివర్స్ లైటు కరెంటుతో అది పనిచేసి నూనె దారి మూసేస్తుంది. ఆ కరెంటు వచ్చేది లైట్ల ప్లగ్గులోని ఐదో తీగ ద్వారా. నాలుగు తీగల ప్లగ్గు పెట్టుకుని, ట్రైలర్ వెనక్కి కదలడం లేదని ఇంజనును అరిపించే వాళ్లను ర్యాంపుల (పడవలను నీళ్లలోకి దించే వాలు దారుల) దగ్గర చూడవచ్చు. చాలా డ్రమ్ బ్రేకులు వెనక్కి తిరిగేటప్పుడు వాటంతటవే వదిలే రకం, వాటికి ఆ తీగ అవసరం ఉండదు.

రెండో లోపం దిగుడులో బయటపడుతుంది. ఆరు శాతం వాలులో మన 3,461 కిలోల ట్రైలర్ సుమారు 208 కిలోల బలంతో ముందుకు తోస్తుంటుంది. మీరు గేరు తగ్గించి ఇంజనుతో పట్టి ఉంచినా, ఆ తోపు కప్లర్ మీద అలాగే ఉంటుంది కాబట్టి ట్రైలర్ బ్రేకులు దిగుడు పొడుగునా రాసుకుంటూనే ఉంటాయి. గంటకు 80 కిలోమీటర్లతో దిగితే ఆ వాలు విడుదల చేసే శక్తి సుమారు 45 కిలోవాట్లు, 40తో దిగితే 23 లోపే. కొంత గాలికీ టైర్లకూ పోయినా ఎక్కువ భాగం వేడే. కాబట్టి దిగుడు మొదలవకముందే గేరు తగ్గించి నెమ్మదిగా దిగడం తప్ప మార్గం లేదు. పొడవైన దిగుడైతే మధ్యలో ఆగి చల్లారనివ్వాలి. కాలిన వాసన వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు.

బ్రేకు పనిచేస్తోందో లేదో చూడటం పెద్ద పనేమీ కాదు. ఒక్కో చక్రాన్ని జాక్‌తో లేపి చేత్తో తిప్పుతూ, ఇంకొకరు బ్రేకవే తీగ లాగాలి. చక్రం ఆగాలి. తర్వాత తయారీదారు చెప్పిన పద్ధతిలో ఆ మీటను వదిలించి మళ్లీ తిప్పితే చక్రం స్వేచ్ఛగా తిరగాలి. వదిలించడం మరిచి బయల్దేరితే కొన్ని కిలోమీటర్లలోనే డ్రమ్ములు కాలిపోతాయి. మాస్టర్ సిలిండర్‌లో నూనె మట్టం, కప్లర్ జారే చోట తుప్పు కూడా చూసుకోవాలి. తుప్పుకు బిగిసిన కప్లర్ ఆలస్యంగా, ఒక్క ఉదుటున బ్రేకు వేస్తుంది.

హబ్బులు, టైర్లు

రోడ్డు పక్కన ఆగిపోయిన పడవ ట్రైలర్‌ను చూస్తే చాలావరకు కారణం బేరింగు గానీ టైరు గానీ అయి ఉంటుంది.

గంటసేపు నడిచిన హబ్బు (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) వేడెక్కి, లోపలి గాలి వ్యాకోచిస్తుంది. ఆ వేడి హబ్బును నేరుగా చల్లని నీళ్లలో ముంచితే గాలి ఒక్కసారిగా కుంచించుకుని లోపల ఒత్తిడి పడిపోతుంది. వెనుక సీలు కొంచెం అరిగి ఉంటే చాలు, నీళ్లు లోపలికి పీల్చుకుంటుంది. నీళ్లు కలిసిన గ్రీజు పాలలా తెల్లబడుతుంది, రోలర్ల మీద తుప్పు చుక్కలు లేస్తాయి, తర్వాతి ప్రయాణంలో అవి గుంటలవుతాయి, ఆ తర్వాత బేరింగు బిగిసిపోతుంది. చక్రమే ఊడి పోయిన సందర్భాలకు మూలం చాలాసార్లు ఇదే. కాబట్టి ర్యాంపు చేరాక హబ్బులు చల్లారేదాకా ఆగాలి. ఈలోగా పట్టీలు విప్పడం, సామాను సర్దడం ఎలాగూ ఉంటాయి.

స్ప్రింగుతో గ్రీజును కొద్దిపాటి ఒత్తిడిలో ఉంచే మూతలు ఈ నీటి పీల్పును అడ్డుకోవడానికే వచ్చాయి. మంచివే, కానీ వాటిని చూసి బేరింగులు విప్పడం మానేయకూడదు. ప్రతి ప్రయాణానికీ గన్నుతో గ్రీజు కొట్టేవాళ్లకు ఇంకో నష్టం ఉంది. ఎక్కువైన గ్రీజు వెనుక సీలును తోసేసి బ్రేకు లైనింగు మీద పడుతుంది. చక్రం లోపలి వైపు గ్రీజు చిమ్మిన మరకలు కనిపిస్తే ఆ బ్రేకు లేనట్టే లెక్క. ఏడాదికోసారి విప్పి, కడిగి, చూసి, నీటిని తట్టుకునే మెరైన్ గ్రీజు కొత్తగా నింపడం సరైన పని. పాత గ్రీజు మీద వేరే రకం కలిపితే రెండూ పలుచబడి కారిపోవచ్చు.

ప్రయాణంలో మొదటి ఇరవై ముప్పై కిలోమీటర్లకే ఆగి, ఆ తర్వాత ఆగిన ప్రతిచోటా, హబ్బుల మీద చెయ్యి పెట్టి చూడండి. ముందు చేతిని దగ్గరికి తెచ్చి వేడి గమనించి, తర్వాతే తాకాలి. వెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి ఆన్చలేనంత ఉన్నా, మిగతావాటికంటే ఒక్కటి బాగా వేడిగా ఉన్నా కదలకూడదు. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఉంటే ఇంకా నయం: అంకెను కాక చక్రాల మధ్య తేడాను చూడాలి. బేరింగులు, గ్రీజుతో సిద్ధంగా ఉన్న స్పేర్ హబ్బు ఒకటి వెంట ఉంటే రోడ్డు పక్కన గంటలో పని అయిపోతుంది.

టైర్లకు వద్దాం. మన ఉదాహరణలో టంగ్ వెయిట్ పోగా 3,115 కిలోలు నాలుగు టైర్ల మీద పడతాయి, ఒక్కోదానికి 779. ట్రైలర్లకు విరివిగా వాడే ఎస్‌టీ 205/75 ఆర్14 టైరు లోడ్ రేంజ్ (మోసే బరువు తరగతి) సి అయితే 50 పీఎస్ఐ గాలితో మోసేది 798 కిలోలు. కాగితం మీద సరిపోయింది, మిగులు 19 కిలోలు. కానీ బరువు నాలుగు చక్రాలకూ సమానంగా ఎప్పుడూ పంచుకోదు, గాలి ఐదు పీఎస్ఐ తగ్గినా ఆ మిగులు పోతుంది. అదే కొలతలో లోడ్ రేంజ్ డి తీసుకుంటే 65 పీఎస్ఐతో 925 కిలోలు. ధరలో తేడా కన్నా వెసులుబాటులో తేడా చాలా ఎక్కువ. రిమ్ము కూడా ఆ ఒత్తిడికి తగినదేనా అన్నది చూసుకోవాలి.

గాలి టైరు చల్లగా ఉన్నప్పుడు, పక్క గోడ మీద రాసిన గరిష్ఠ ఒత్తిడి మేరకు నింపాలి. కారు టైర్లలా మెత్తగా ఉంచితే పక్కగోడ ప్రతి చుట్టుకూ వంగి వేడెక్కుతుంది. పడవ టైర్లు అరిగి పోవడం అరుదు, నెలల తరబడి ఎండలో నిలబడి వయసు మీరి పోతాయి. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య తయారీ తేదీ: 2319 అంటే 2019లో 23వ వారం. ఐదారేళ్లు దాటితే టైరు గాడులు ఎంత లోతున్నా మార్చేయాలి. ఎస్‌టీ టైర్లలో పక్కగోడ మీద వేరే వేగం రాసి లేనివాటి పరిమితి గంటకు 105 కిలోమీటర్లు. పికప్ 130తో హాయిగా పోతోందన్న సంగతి ట్రైలర్ టైరుకు తెలియదు. చక్రం విప్పి బిగించాక టార్క్ రెంచ్‌తో నక్షత్రం వరసలో బిగించి, 15, 40, 80 కిలోమీటర్ల దగ్గర మళ్లీ చూడాలి. ఇంకో చిన్న విషయం: పికప్ వీల్ స్పానర్ ట్రైలర్ నట్లకు సరిపోతుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

కట్టడం, నడపడం

వించ్ పట్టీ పడవను ట్రైలర్ మీదికి లాగడానికి ఉన్నది. ప్రయాణంలో పట్టి ఉంచడానికి కాదు. వెనుక రెండు మూలల్లో రెండు రాట్చెట్ పట్టీలు, ముందు ముక్కును కిందికి లాగే పట్టీ ఒకటి, వాటితో పాటు వించ్‌కు సంబంధం లేని గొలుసు ఒకటి కావాలి. పొడవైన పట్టీకి ఒక మెలిక వేస్తే గాలికి కొట్టుకుని చిరగదు.

వేగం 80 నుంచి 100కు పెంచితే ఆపాల్సిన శక్తి 56 శాతం పెరుగుతుంది. ముందు బండికి దూరం కాలంలో లెక్కపెట్టుకోవాలి: మొత్తం పొడవులో ప్రతి మూడు మీటర్లకూ ఒక సెకను, గంటకు 65 కిలోమీటర్లు దాటితే ఇంకో సెకను. పికప్, ట్రైలర్ కలిసి 15 మీటర్లుంటే హైవే మీద ఆరు సెకన్లు. బరువు లాగేటప్పటి కోసం పికప్‌లో ఉండే టో మోడ్ నొక్కి ఉంచితే గేర్లు ఊరికే మారవు, గేర్‌బాక్సు వేడి అదుపులో ఉంటుంది. మలుపులో ట్రైలర్ చక్రాలు లోపలి వైపు కోసుకుని వస్తాయి కాబట్టి కూడలిలోకి ఇంకొంచెం ముందుకు పోయి తిప్పాలి.

ర్యాంపు మీద

వెనక్కి నడపడానికి స్టీరింగ్ అడుగు భాగాన ఒక చెయ్యి పెట్టండి. ట్రైలర్ ఎటు పోవాలో చేతిని అటు జరపండి. కొద్దికొద్దిగా తిప్పాలి, ట్రైలర్ మడత పడుతుంటే ముందుకు పోయి మళ్లీ మొదలుపెట్టాలి. ర్యాంపు ఎక్కకముందే, పక్కనే, చేయాల్సినవి చేసేయాలి: బిరడా బిగించడం, వెనుక పట్టీలు విప్పడం, లైట్ల ప్లగ్గు తీయడం. డిస్క్ బ్రేకులుంటే మాత్రం ప్లగ్గు తీసేస్తే సోలనాయిడ్‌కు కరెంటు అందదు, వెనక్కి పోవాల్సి ఉన్నంతసేపూ అది ఉండాల్సిందే. లైట్లు నీరు చొరబడని ఎల్‌ఈడీలైతే ఇబ్బంది లేదు. వించ్ పట్టీ, ముక్కు గొలుసు మాత్రం పడవ నీళ్లలో చేరేదాకా విప్పకూడదు. జారుడు ర్యాంపు మీద ముందే విప్పిన పడవ కాంక్రీటు మీద పడుతుంది.

ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటుంది. ర్యాంపు మీద ట్రైలర్ కిందికి లాగుతుంది, తోయదు. అంటే సర్జ్ బ్రేకులు అసలు పనిచేయవు. పడవల ర్యాంపుల వాలు సాధారణంగా 12 నుంచి 15 శాతం ఉంటుంది. 2,700 కిలోల పికప్, 3,461 కిలోల ట్రైలర్ 15 శాతం వాలులో 900 కిలోలకు పైగా బలంతో కిందికి లాగుతాయి. మీరు దిగి వెళ్లాక దీన్నంతా పట్టి ఉంచేది పార్కింగ్ బ్రేకు, అది ఆపేది వెనుక చక్రాలను మాత్రమే. ఆ చక్రాలు ఉన్నది నాచు పట్టిన తడి కాంక్రీటు మీద. పికప్‌లు నీళ్లలోకి జారిపోవడానికి కారణం ఎక్కువసార్లు బ్రేకు ఫెయిలవడం కాదు, చక్రాలు తిరగకుండానే జారడం. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ర్యాంపు ఎక్కకముందే ‘ఫోర్ లో’ (4 Low) వేసుకోవాలి. అప్పుడు ముందు చక్రాలు కూడా వెనుకవాటికి కట్టుబడి, పొడి నేల మీద పట్టు ఇస్తాయి. కింది వైపు చక్రాల వెనక అడ్డుదిమ్మలు పెట్టాలి. బ్రేకు తొక్కి పట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, కాలు మెల్లగా వదిలి బరువు దాని మీద ఆనాక మళ్లీ తొక్కి గేరును పార్క్‌లో పెట్టాలి. డ్రైవరు తప్ప ఎవరూ లోపల ఉండకూడదు, కిటికీలు దించి, సీటు బెల్టు తీసి ఉండాలి.

పడవను తిరిగి ఎక్కించేటప్పుడు జరిగే తప్పు ట్రైలర్‌ను మరీ లోతుకు దించడం. లోతు ఎక్కువైతే పడవ బంక్‌ల మీద కూర్చోకుండా తేలుతూ పక్కకు పోతుంది. పైకి లాగాక చూస్తే ముక్కు రోలర్‌కు జానెడు ఎడం ఉంటుంది, టంగ్ వెయిట్ తప్పుతుంది. బంక్‌లలో మూడింట రెండు వంతులు మునిగేదాకా దించితే చాలావరకు సరిపోతుంది. ఇంజను వేగం పెంచి పడవను ట్రైలర్ మీదికి తోసే అలవాటు మంచిది కాదు. ప్రొపెల్లర్ నీటి ధార ర్యాంపు కాంక్రీటు చివర మట్టిని తవ్వేస్తుంది, తర్వాత వచ్చే ట్రైలర్ చక్రం ఆ గుంటలో పడి ఇరుసు చిక్కుకుంటుంది.

పైకి వచ్చాక బిరడా తీసి నీళ్లు పోనివ్వాలి, పట్టీలన్నీ కట్టి, లైట్లు పరీక్షించాలి. తడిసిన డ్రమ్ములు మొదటి రెండు మూడు సార్లు సరిగ్గా పట్టవు, ఖాళీ చోట మెల్లగా బ్రేకు వేస్తూ ఆరబెట్టుకోవాలి. ఉప్పునీళ్లలో దిగిన రోజైతే బ్రేకులను, కమాన్ పట్టీలను, చట్రం లోపలి భాగాలను ఆ పూటే మంచినీళ్లతో కడగాలి. డ్రమ్ములకు కడిగే గొట్టం బిగించుకుంటే ఐదు నిమిషాల పని. కడగకుండా వదిలేసిన డ్రమ్ములో కొన్ని వారాలకే లైనింగు ఇనుముకు అతుక్కుపోతుంది. తర్వాతిసారి బయల్దేరినప్పుడు ఆ చక్రం తిరగకుండా ఈడ్చుకొస్తుంది, కిటికీలు మూసుకున్న పికప్‌లో అది తెలియదు. చాలాకాలం నిలిపిన ట్రైలర్‌ను తగిలించిన రోజు మొదటి పది మీటర్లు కదిపి, దిగి, నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయో లేదో ఇంకొకరి చేత చూపించుకోవాలి.